పేలిన స్టవ్వు – పద్నాలుగో భాగం

"చేతులు కాలినోళ్లకు కాలి బొటనేలు పెట్టిస్తరు. చట్టం ఒప్పుకుంటది," అన్నాడు జగపతి, సిరా పెట్టె మూత తీస్తూ.

తాను రాసుకొచ్చిన వాంగ్మూలం పరుపు మీద పరిచి, దవాఖాన మంచం చివర ఒంగి రుక్కి ఎడమ కాలు ఎత్తి పట్టుకున్నాడు. రుక్కి ఒంటికి మెడ నుంచి నడుము దాకా మందు పూసిన తెల్ల గుడ్డ చుట్టి ఉంది. చేతులు రెండూ మూటల్లా కట్టి పక్కన పెట్టారు. నొప్పికి పళ్లు బిగించి పడుకున్న ఆ మనిషి ఒంట్లో సిరాకు పనికొచ్చే చోటు ఏది మిగిలిందా అని వెతికి, పాదం దొరికిందని సంబరపడుతున్నాడు జగపతి. తలుపు దగ్గర నిలబడి అండాలు అది చూసింది. నాలుగు అంగల్లో మంచం దగ్గరికి వచ్చి అతని చేతి మీద ఒక్కటి వేసింది. సిరా పెట్టె ఎగిరి గోడకు తగిలి కింద పడింది.

"ఏందక్కా గిది?" జగపతి తన తెల్ల చొక్కా మీది మరకలు చూసుకున్నాడు.

"కాలు ఇడువు."

"ఆమె మంచికే జేస్తున్న..."

"కాలు ఇడువుమన్న."

విడిచాడు.

వ్యవహారం ఇక్కడిదాకా ఎలా వచ్చిందో నాలుగు మాటల్లో చెప్పుకుందాం. సకల జనుల సమ్మె మొదలై అది ఇరవై ఆరో రోజు. బస్సులు లేవు, బడులు లేవు, గ్యాస్ బండలు రావడం లేదు. మానుకోట ఇళ్లల్లో పాతికేళ్లుగా అటకల మీద పడి ఉన్న ఇత్తడి పంపు స్టవ్వులన్నీ కిందికి దిగాయి. వాటిని బాగుచేసే మనిషి ఊళ్లో ఒక్కతే మిగిలింది, అండాలు. నిన్న మధ్యాహ్నం రోడ్డు మీద జరిగిన వంటావార్పులో, ఆమె బాగుచేసి ఇచ్చిన స్టవ్వే పేలింది. బయ్యారం పక్క తండా నుంచి వంటకు వచ్చిన రుక్కి కాలిపోయింది. తెల్లారేసరికి ఊళ్లో రెండు మాటలు పుట్టాయి. అండాలు చేసిన రిపేరు సరిగా లేదన్నది ఒకటి. రుక్కి తెలంగాణ కోసం తనకు తానే నిప్పు పెట్టుకుందన్నది రెండోది. ఆ రెండో మాట పుట్టించింది వంటావార్పు కమిటీ పెద్ద, రేషన్ డీలర్ జగపతి. స్టవ్వులో పోసిన కిరోసిన్ అతను తన షాపు నుంచి పంపిందే.

"పదకొండు గంటలకు వాంగ్మూలం రాస్కోనీకి మెజిస్ట్రేటు మేడమొస్తది," అన్నాడు జగపతి గొంతు తగ్గించి. "స్టవ్వు పేలింది అని రాస్తే మొదలు నిన్నే తీస్కపోతరు అండాలక్కా. రిపేరు జేసింది నువ్వు. తర్వాత నన్ను, నూనె ఇచ్చింది నేను. అదే రుక్కి తనంతట తాను అంటుపెట్టుకున్న అని ఒక్క మాట జెప్పిందనుకో, నీకు కేసు లేదు, నాకు కేసు లేదు. ఆమె పేరు మానుకోటల నిలుస్తది. అందరికి మంచిదే కాదె?"

"నాకు మంచిదేనా?"

అడిగింది రుక్కి. ఆమె కళ్లు తెరిచిందని అప్పటిదాకా ఎవరూ గమనించలేదు.

బయట ఆవరణలో ఒక్కసారిగా నినాదాలు లేచాయి. రుక్కక్కకు జోహార్ అని ఒక గొంతు, జోహార్ జోహార్ అని యాభై గొంతులు. అండాలు కిటికీలోంచి చూసింది. గేటు మీద ఆరడుగుల ఫ్లెక్సీ కట్టారు. రుక్కి ఓటరు కార్డు ఫొటోను పెద్దది చేసి, చుట్టూ బంతిపూల దండ అచ్చు వేయించారు. ఊరంతా బందు పెట్టినా ఫ్లెక్సీ వేసేవాడి షట్టరు మాత్రం వీళ్ల కోసం లేచింది. ఫొటో కింద జగపతి ముఖం, రుక్కి ముఖంకన్నా ఒక బెత్తెడు పెద్దగా.

"అక్కా, నేను సచ్చిన్నా?"

"లేదు బిడ్డా."

"మరి జోహారని ఎందుకు ఒర్రుతున్నరు?"

జగపతి కింద పడ్డ సిరా పెట్టెను బూటుతో మంచం కిందికి నెట్టాడు.

"నాకు ఇద్దరు పోరగాండ్లు," అంది రుక్కి. ఒక్కో మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటోంది. "పొద్దున తోల్కొచ్చిన్రు. యాడీ యాడీ అని మంచం పట్కొని ఏడ్సిన్రు. మా యాడి మమ్ముల వద్దనుకొని కాలవెట్టుకున్నదని రేపు వాళ్లు అనుకోవాల్నా? నేను అన్నం వండనీకి వచ్చిన. సావనీకి రాలే. గదే రాయిపియ్యి అక్కా. ఇంకేం వద్దు నాకు."

"రాయిపిస్త," అంది అండాలు. "ముందుగాల నాకు ఒకటి జెప్పు. మంట ఎట్ల వచ్చింది?"

"ఎర్రగ. నీలంగ రానే లేదు. జరసేపటికి సన్నబడ్డది. పిన్నుతోని పొడిసిన. లేసింది, మల్ల సన్నబడ్డది. పంపు కొట్టిన. మల్ల కొట్టిన. నూనె వాసన గూడ వేరే ఉండె అక్కా. కడుపుల దేవినట్టు. పెద్ద గుండి, యాభై మంది బియ్యం, అందుకని ఇంకా కొట్టిన..."

నర్సు రజిత వచ్చి అందరినీ బయటికి పొమ్మంది.

వరండాలో గోడకు ఆనుకుని రుక్కి మొగుడు బీక్యా గొంతుకూర్చున్నాడు. మోకాళ్ల మధ్య గోనెసంచి. నిన్న తడి గోనె వేసి మంట ఆర్పింది అతనే. ఆ గోనెలోనే స్టవ్వును చుట్టి తెచ్చుకుని, ఇప్పటిదాకా ఎవరినీ ముట్టనివ్వలేదు.

"అక్కా, ఒక్క మాట అడుగుత. తిట్టొద్దు," అన్నాడు. "తప్పు నీ రిపేరుదేనా?"

తిట్టాలని అండాలుకు అనిపించలేదు. పొద్దుటి నుంచి ఊళ్లో అంతమంది ఆమె వెనక అనుకున్నది ఎదురుగా అడిగినవాడు ఇతనొక్కడే.

"విప్పుదాం. నీ కండ్ల ముంగట విప్పుత. తప్పు నాదైతే నేనే జెప్త."

చీర కొంగు నడుముకు దోపి నేల మీద కూర్చుంది. సంచిలోంచి స్టవ్వు తీసింది. మూడు కాళ్ల ఇత్తడి స్టవ్వు, సొట్టపోయింది. నూనె తొట్టి అడుగున మాటు పెట్టిన అతుకు జానెడు పొడుగున విచ్చుకుని ఉంది. దాని చుట్టూ పదిమంది మూగారు. జగపతి కూడా వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మాటు ఊడింది. సూసిన్రా? నేను జెప్పలే?" అన్నాడు చుట్టూ చూసి. "అక్క పెట్టిన మాటు."

"మాటు నేను పెట్టినదే," అంది అండాలు. "మొన్న తొట్టిల గాలి కొట్టి, బకెట్ నీళ్లల్ల ముంచి సూసిన. ఒక్క బుడగ రాలే. సల్లగున్నప్పుడు ఆగిన మాటు ఏం లేంది ఎందుకు ఊడుతది? లోపల ఏదో తన్నింది."

పంపు మర తిప్పి, కడ్డీ బయటికి లాగింది. కడ్డీ చివర రూపాయి బిళ్లంత తోలు వాషరు. గాలి పట్టేది ఆ తోలే. అది మెత్తగా ఉంటేనే పంపు గొట్టానికి అతుక్కుని గాలిని తోస్తుంది. ఈ వాషరును ఆమె ఒక పూటంతా ఆముదంలో నానబెట్టి ఎక్కించింది. అలా నానిన తోలు ఆరు నెలలు వెన్నలా ఉంటుంది. ఇప్పుడు గోరుతో నొక్కితే అట్టముక్కలా టక్కుమంది.

"గిదేంది?" అన్నాడు బీక్యా.

"ఆముదం మొత్తం కడుక్కపోయింది. రేషన్ నూనె తోలును గిట్ల జెయ్యదు. పెట్రోలు జేస్తది."

పెట్రోలు అన్న మాట వినగానే గుంపు ఒక అడుగు వెనక్కి వేసి, మళ్లీ రెండడుగులు ముందుకు వచ్చింది.

పంపు గొట్టం అడుగున వాల్వు కొద్దిగా వదులైతే, తొట్టిలోని నూనె వెనక్కి ఎగదన్ని గొట్టంలోకి చేరుతుంది. తొట్టి పగిలి ఖాళీ అయినా ఆ కాస్త గొట్టంలో మిగిలిపోతుంది. అండాలు రజితను పిలిచి కట్లు కట్టే తెల్ల గాజుగుడ్డ ముక్క అడిగింది. గొట్టాన్ని దాని మీద వంచింది. రెండు చెంచాలంత జారింది. రేషన్ కిరోసిన్ అయితే నీలంగా ఉండాలి. ఇది మురికి ఆకుపచ్చ. గుడ్డను వేళ్ల మధ్య పట్టుకుంది. చేయి చల్లబడింది. చూస్తుండగానే తడి చుట్టూ నుంచి ఇంకుతూ చిన్నదైపోయింది. ముక్కు దగ్గర పెట్టుకున్న బీక్యా ముఖం తిప్పేశాడు.

"పెట్రోలే," అన్నాడు. "అయినా గిది మొత్తం పెట్రోలు గాదు."

"కాదు. కలుపు. షాపుల ఇచ్చే నీలం నూనె గాదు జగపతీ గిది."

జగపతి ముఖం వెలిగింది. లోపల ఒక ఆడమనిషి తోలు ఊడి పడుకుని ఉంది, వీడికి పండగ.

"నేను జెప్పలే! సీలు వేసిన డబ్బా పంపిన. నీలం నూనె, పది లీటర్లు. నా చేతులు కడిగిన ముత్యాలు."

"నీ చేతులకు సిరా ఉన్నది, ముందు గది కడుక్కో," అంది అండాలు. గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు.

ఆమె ఇంకా గుడ్డనే చూస్తోంది. పెట్రోలు ఎగిరిపోయింది. కిరోసిన్ పలచగా పరుచుకుంది. మధ్యలో ఒక గుండ్రటి మరక మాత్రం అలాగే ఉంది, చిక్కగా, జిగటగా. వేలితో రాస్తే సాగింది. వెంటనే బర్నర్ మర విప్పి, నూనె చిమ్మే నిప్పిల్ బయటికి తీసింది. వెలుగుకు పట్టి చూస్తే దాని సన్నటి బెజ్జం కనబడలేదు. నల్లటి తారులాంటిది గడ్డకట్టి కూర్చుంది. అందుకే మంట సన్నబడింది. అందుకే రుక్కి పిన్ను పొడిచి పొడిచి, పంపు కొట్టింది. పై దారి మూసుకుంది, కింద తొట్టి కాగింది, లోపల పెట్రోలు ఉబ్బింది. ఇంక ఆ అతుకు ఎంతసేపు ఆగుతుంది?

ఆ తారు ఏమిటో కూడా ఆమెకు తెలుసు. ఇంజనాయిలు. బంకులో అమ్మే పెట్రోల్లో ఇంజనాయిలు ఉండదు. రేషన్ నూనెలోనూ ఉండదు. పెట్రోలు, కిరోసిన్, ఇంజనాయిలు మూడూ కలిసి ఉండే చోటు ఈ ఊళ్లో ఒక్కటే. పాత ఆటో ట్యాంకు. ఆ ఇంజన్లకు పెట్రోల్లోనే ఆయిలు కలుపుతారు, ఖర్చు తగ్గడానికి కిరోసిన్ కూడా పోస్తారు.

వంటావార్పుకు నూనె డబ్బా ఒకే ఒక్క ఆటోలో వచ్చింది. ఊళ్లో ఆటోలన్నీ బందులో ఉంటే, కమిటీ పనికని చీటీ అంటించుకుని తిరిగింది అదొక్కటే.

అండాలు తల ఎత్తలేదు. ఎత్తితే చూపు ఎటు పోతుందో ఆమెకు తెలుసు. ఆవరణలో నినాదం మళ్లీ లేచింది. ముందు పలికే ఆ ఒక్క గొంతు ఎవరిదో పొద్దుటి నుంచి చెవిలో పడుతూనే ఉంది.

"అక్కా? ఏమైంది?" అన్నాడు బీక్యా.

"చేతులు కడుక్కొని వస్త."

గేటు దగ్గర మెడలో నల్ల గుడ్డ వేసుకుని, ఒక చేత్తో అరటిపండ్ల గెల పట్టుకుని వచ్చినవాళ్లకు పంచుతూ, జోహార్ పలికిస్తున్నాడు ఆమె తమ్ముడు, ఆ ఆటో నడిపే భిక్షపతి. అండాలు అతని రెక్క పట్టుకుని దవాఖాన వెనక నల్లా దగ్గరికి లాక్కుపోయింది. గాజుగుడ్డ అతని ముఖానికి అడ్డంగా పట్టింది.

"వాసన సూడు."

చూడలేదు. చూడక్కర్లేకపోయింది. అతని కళ్లే చెప్పాయి.

"అక్కా... సత్తెపెమానంగ నాకు ఎరుక లేదే గిట్లయితదని."

"నీలం నూనె ఏం జేసినవ్?"

"ఏడు లీటర్లు..." అరటిగెల ఇంకో చేతికి మార్చుకున్నాడు. "బెల్టు షాపోడు అడిగిండు. వాని ఇంట్ల పొయ్యి వెలుగుతలేదంట. నూనె ఇస్తే నాలుగు కోటర్ల మందు ఇస్తనన్నడు. సమ్మెల దుకాణాలు బందు గదా, దొరుకుతలేదు..."

"డబ్బాల తక్కువైంది నింపనీకి ట్యాంకు గుంజినవ్."

"ఇరవై దినాల సంది కమిటీ పనికి తప్ప ఆటో కదుల్తలేదు. దాంట్ల ఉన్నది ఖరాబయితది గదా అనుకున్న. ఆటో నడిసే నూనెకు స్టవ్వు నడువదా అనుకున్న. గంతే అక్కా. గంతే." అరటిగెల కింద పెట్టి ఆమె కాళ్లు పట్టుకోబోయాడు.

అండాలు వెనక్కి జరిగింది. ఆ చేతులు తగులుతాయేమోనని నల్లా గోడకు ఒత్తుకుపోయింది. ఈ చేతులతోనే కదా వీడు పొద్దుట రుక్కి పిల్లల నోట్లో అరటిపండు పెట్టింది. ఈ నోటితోనే కదా బతికున్న మనిషికి జోహార్ కొట్టింది. చిన్నప్పుడు వీణ్ణి సైకిలు ముందు కూర్చోబెట్టుకుని, వెనక పనిముట్ల పెట్టె కట్టుకుని, నాయిన పాలకుర్తి సంతకు పోయేవాడు. స్టవ్వులో ఏం పోయాలో, ఏం పోయకూడదో వీడికి మాటలు వచ్చేముందే చెవిలో పడింది. అయినా ఎరుక లేదంటున్నాడు.

"నిన్ను పొద్దుటి నుంచి సూస్తున్న. నువ్వు ఏడ్సేది ఆమె కోసమనుకున్న."

"అక్కా, ఒక ఉపాయం ఉన్నది." భిక్షపతి గబగబా కళ్లు తుడుచుకున్నాడు. "జగపతి పేరు జెప్పు. వాడు నూనె కల్తీ జేస్తడని పిల్లగాండ్లకు గూడ ఎరుకే. ఊరంత నమ్ముతది. ఆమె కాలు వట్టుకొని ముద్ర ఏపియ్యబోయిండంట గదా. అసొంటోడు లోపలికి పోతే ఎవల కండ్లల్ల నీళ్లు రావు. నువ్వు బతుకుతవ్, నేను బతుకుత."

అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. ఊరు నమ్ముతుంది. ఎవరికీ కన్నీళ్లు రావు. రెండు గంటల కింద అయితే ఆమె కూడా జగపతినే అనుకుంది. వాడి తెల్ల చొక్కా, ఆ బూటు, ఫ్లెక్సీ మీద వాడి ముఖం తలచుకుంటే ఆ పేరు నాలుక చివరికి దానంతట అదే వచ్చింది. ఆ పేరు చెప్పడం ఎంత సుఖంగా ఉంటుందో తెలిసి, అండాలుకు తన మీద తనకే అసహ్యం వేసింది. నల్లా తిప్పి నోరు పుక్కిలించి ఉమ్మింది.

ముందువైపు జీపు ఆగిన చప్పుడైంది.

మెజిస్ట్రేటు మేడం ఎవరితోనూ మాట్లాడకుండా లోపలికి పోయింది. డాక్టరు తప్ప మిగతా అందరినీ బయటికి పంపి తలుపు వేశారు. ఇరవై నిమిషాలు నినాదాలు కూడా ఆగాయి. మేడం బయటికి వచ్చి, మూసిన కాగితం కట్ట చంకలో పెట్టుకుని జీపెక్కింది. వెనకాలే వచ్చిన రజిత, అండాలు పక్కనుంచి పోతూ మెల్లగా అంది: "అంటుపెట్టుకోలే అని జెప్పింది అక్కా. మూడుసార్లు జెప్పింది. వరంగల్ తీస్కపోతున్నరు ఇప్పుడే."

జగపతి ముఖం పాలిపోయింది. వరండాలో ఎస్సై ఒక బల్ల లాక్కుని కూర్చున్నాడు. ప్యాడు మీద తెల్ల కాగితం పెట్టి బీక్యాను పిలిచాడు.

"ఫిర్యాదు నువ్వే ఇయ్యాలె. నూనెల ఎవలో కలిపిన్రని అంటున్నరు. ఎవలి మీద అనుమానం నీకు?"

బీక్యా ఎస్సై వైపు చూశాడు. జగపతి వైపు చూశాడు. జగపతి ఒక అడుగు వెనక్కి వేసి స్తంభానికి ఆనుకున్నాడు. గుంపులో నాలుగైదు గొంతులు అప్పుడే అతని పేరు గొణుగుతున్నాయి. "డీలరే... ఇంకెవడు?" అన్నారొకరు. "గా దొంగ నా కొడుకే," అన్నారింకొకరు.

"నాకు ఏం తెల్వది సారూ," అన్నాడు బీక్యా. "నూనె గురించి అక్కకే తెలుసు. నా కండ్ల ముంగట విప్పింది. అక్క ఎవల పేరు జెప్తే గదే రాస్కోండ్రి. నేను వేలు పెడ్త."

అండాలు కాళ్ల కింద నేల చల్లగా తగిలింది. గుంపు వెనక వరుసలో, నల్ల గుడ్డ మెడలో సరిచేసుకుంటూ, భిక్షపతి ఆమెనే చూస్తున్నాడు. జగపతి వైపు గడ్డం ఎగరేసి సైగ చేశాడు. చెప్పు అన్నట్టు.

లోపలి నుంచి స్ట్రెచరు వచ్చింది. ఇద్దరు మోస్తున్నారు. గుంపు పక్కకు జరిగింది. రుక్కి కళ్లు తెరిచే ఉన్నాయి. స్ట్రెచరు అండాలు పక్కకు రాగానే మోసేవాళ్లను ఆగమంది రుక్కి.

"ఎవలక్కా?" అని అడిగింది. అంతే.

"చెప్పమ్మా," అన్నాడు ఎస్సై. "నూనెల పెట్రోలు కలిసిందంటున్నవంట. ఎవలు పోసిన్రు?"

"రాస్కోండ్రి సారూ." తన గొంతు ఇంత గట్టిగా వస్తుందని అండాలు అనుకోలేదు. ఆవరణ చివర గేటు దాకా వినబడింది. "ఏడు లీటర్ల మంచి నూనె బెల్టు షాపుకు అమ్ముకొని, డబ్బాల ఆటో నూనె పోసినోడు. జగపతి గాదు. నా తోడబుట్టినోడు. అగో, గా వెనక నిలవడ్డడు, మెడల నల్ల గుడ్డ ఏసుకొని. తండ్రి పేరు రాజమల్లు. వాని పేరు భిక్షపతి."